మొదటి ముద్ద

ఆ రోజుల్లో నేను తెగ ఎదుగుతూ ఉండేదాన్ని. ఇందులో వింతేముంది, ఆ వయసులో అందరూ ఎదుగుతారు కదా అని మీరనవచ్చు. మా ప్రొద్దుటూరులో ఎదగడమంటే పోయిన దసరాకి కుట్టించిన పావడా ఈ దసరాకి పొట్టిదవడం, అది చూసి మా అమ్మ దర్జీని తిట్టడం, అంతే. ఇంగ్లండులో, ఇరవై దేశాల పిల్లలు చదివే ఆ బోర్డింగ్ స్కూల్లో చేరాక తెలిసింది, ఎదుగుదల అంటే లోపల జరిగే వ్యవహారమనీ, దాన్ని టర్మ్‌కొకసారి ఒక మాస్టారికి అప్పజెప్పాలనీ. స్కాలర్‌షిప్ పుణ్యమా అని ఇంటర్ చదవాల్సిన రెండేళ్ళూ నేనక్కడ ఉన్నాను. ఆ మాస్టారికి మనసులో నేను పెట్టుకున్న పేరు ఎదుగుదల మాస్టారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఒకే గోధుమరంగు స్వెట్టర్‌లో ఉండేవారు. నన్ను తన గదికి పిలిచి, "టీ తాగుతావా?" అని అడిగి, ఆ తర్వాత "ఈ టర్మ్‌లో మనిషిగా ఎంత ఎదిగావు?" అనేవారు. మొదటిసారి టీ వద్దన్నాను. నిజానికి ఆ చలికి టీ కోసం ప్రాణం లాగేస్తోంది. కానీ మనవాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా ఏదైనా పెడితే మొదట వద్దనాలి, రెండోసారి అడిగితే అబ్బే అనాలి, మూడోసారికి వాళ్ళే బలవంతంగా చేతిలో పెట్టాలి. ఇంత చిన్న సంగతి తెలియని మాస్టారు, "సరే" అని టీపాట్ మీద ఊలు టోపీ తొడిగేశారు. నేను ఆ టోపీ వైపే చూస్తూ, స్వతంత్రంగా బతకడం నేర్చుకున్నానని నోటికొచ్చింది చెప్పి బయటపడ్డాను. అదే మాట రిపోర్టులోకెక్కి ప్రొద్దుటూరు దాకా వెళ్ళింది.

ఆ బడిలో ఒక ఏర్పాటు ఉండేది. కొన్ని వారాలకొకసారి శుక్రవారం మధ్యాహ్నం బడి మొత్తానికి తాళం వేసేవారు. పిల్లలంతా ఆదివారం సాయంత్రం దాకా ఎవరిళ్ళకు వాళ్ళు పోవాలి. మరి ప్రొద్దుటూరు పిల్ల ఎక్కడికి పోతుంది? అందుకని మాలాంటివాళ్ళకు ఈ దేశంలో ఒక గార్డియన్ ఉండి తీరాలని రూలు. నా గార్డియన్ స్టీవెనేజ్‌లో ఉండే ఒక ఆంటీ. ఈవిడ మా నాన్న చిన్నప్పటి స్నేహితుడి బావమరిది భార్య (చుట్టరికం ఏమవుతుందని అడక్కండి, నేనూ లెక్క తేల్చలేకపోయాను). తెనాలి మనిషి. ఒక జీపీ సర్జరీలో, అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్‌లో పనిచేసేవారు. అంకుల్ కంప్యూటర్ మీద పనిచేసి, మిగిలిన టైమంతా పెరట్లో టమేటా మొక్కలతో మాట్లాడేవారు. వాళ్ళబ్బాయి యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు కాబట్టి అతని గది నాకిచ్చారు. కేంబ్రిడ్జ్‌లో రైలు మారి నేను స్టీవెనేజ్‌లో దిగేసరికి ఆంటీ సర్జరీ బ్యాడ్జి కూడా తీయకుండా స్టేషన్ బయట కార్లో ఉండేవారు. "ఏంటే ఇంత చిక్కిపోయావు, అక్కడ తిండి పెట్టరా" అనేవారు. పెట్టేవారు. ఉడకబెట్టిన బంగాళాదుంపలు, వేయించిన బంగాళాదుంపలు, మెదిపిన బంగాళాదుంపలు.

శనివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఒక ముచ్చట జరిగేది. ఆంటీ పెద్ద స్టీలు బేసిన్‌లో వేడి అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి వేసుకుని వంటింట్లో ఎత్తు స్టూలు మీద కూర్చుని కలిపేవారు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారితే మోచేత్తో పైకి తోసుకునేవారు. అంకుల్, నేను చుట్టూ నిలబడి చేతులు చాచేవాళ్ళం. మొదటి ముద్ద నాకు. అది ఎవరూ రాసుకున్న రూలు కాదు. అంకుల్ చెయ్యి ముందుకొచ్చినా ఆంటీ దాన్ని తప్పించి నా అరచేతిలోనే పెట్టేవారు. వారాల తరబడి నేను ఇరవై దేశాల పిల్లల మధ్య బోలెడు రకాలుగా ఉండేదాన్ని. లెక్కలు బాగా చేసే అమ్మాయిని, చపాతీల గురించి అడగదగ్గ అమ్మాయిని, కిచెన్ పనుల వంతుల పట్టీలో బుధవారం అమ్మాయిని. ఆ ముద్ద చేతిలో పడ్డ క్షణంలో మాత్రం ఒకరింటి పిల్లని. అది ఆ రోజుల్లో నాకున్న పెద్ద ఆస్తి.

అలాంటి ఆస్తిని నా చేతులతో నేనే పారేసుకున్నాను. క్రిస్మస్ సెలవుల తర్వాత, ఎదుగుదల మాస్టారు నా స్వతంత్రాన్ని మెచ్చుకున్న ఊపులో, ఆంటీ ముద్ద అందించగానే "వద్దాంటీ, నేను ప్లేట్లో పెట్టుకుని స్పూన్‌తో తింటాను" అన్నాను. ఎందుకన్నానో దేవుడికెరుక. ఆవిడ ఇంకోసారి అడుగుతారనీ, "చాల్లే నీ వేషాలు" అని కసురుతారనీ, అప్పుడు నేను తప్పదన్నట్టు తీసుకోవచ్చనీ నా లెక్క. కానీ ఆంటీ ఈ దేశమొచ్చి పాతికేళ్ళయింది. సర్జరీలో రోజంతా మనుషులతో వ్యవహరించి, ఒకళ్ళు వద్దన్నాక బలవంతం చేయకూడదని బాగా నేర్చుకున్నారు. ఒక్క క్షణం చెయ్యి ఆగింది. "అలాగేలేమ్మా, పెద్దదానివయ్యావుగా" అని ఆ ముద్ద అంకుల్‌కి ఇచ్చేశారు. నేను స్పూన్ తెచ్చుకున్నాను. ఆవకాయన్నం స్పూన్‌తో తిన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకే తెలుస్తుంది అదెంత దిక్కుమాలిన వ్యవహారమో. తర్వాతి సెలవుకీ ఆంటీ అడగలేదు. ఆ తర్వాతి దానికీ అడగలేదు. నేను ప్రతిసారీ కావాలని బేసిన్ పక్కనే తచ్చాడేదాన్ని. "ప్లేటు కావాలా అమ్మా?" అనేవారు.

ఈ పరిస్థితుల్లో దిగింది నా రూమ్మేట్. కజకిస్తాన్ పిల్ల. బుగ్గలు ఆపిల్ పళ్ళలా ఉండేవి, మాట తక్కువ. ఆమె గార్డియన్‌గా ఉన్న ముసలావిడ ఇల్లు అమ్మేసి స్పెయిన్ వెళ్ళిపోవడంతో, కొత్త గార్డియన్ దొరికేదాకా ఎవరైనా తీసుకెళ్ళగలరా అని మా హాస్టల్ చూసుకునే హౌస్‌మిస్ట్రెస్ నన్నడిగారు. నేను ఎదిగిన మనిషిని కదా, ఆంటీకి ఫోన్ చేసి గొప్పగా అడిగాను. ఆంటీ సంతోషంగా రమ్మన్నారు. శనివారం బేసిన్ వచ్చింది. నా ప్లేటు నా చేతిలో ఉంది. ఆంటీ పప్పన్నం కొంచెం వేరుగా, కారం తగ్గించి కలిపి, "యూ ట్రై, లిటిల్ లిటిల్" అని ముద్ద అందించారు. ఆ పిల్ల చెయ్యి చాచలేదు. అదేదో ప్రపంచంలో అన్నిటికంటే మామూలు విషయమైనట్టు, కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

వాళ్ళ దేశంలోనూ ఇంటికి పెద్దవాళ్ళు పళ్ళెంలోంచి మాంసం ముక్కలు చేత్తో తీసి చిన్నవాళ్ళ నోట్లో పెడతారట, వాళ్ళ నానమ్మ అలాగే పెట్టేదట, వాళ్ళ పెద్ద వంటకం పేరుకి అర్థమే ఐదు వేళ్ళట. ఇవన్నీ ఆ పిల్ల సిగ్గుపడి నా చెవిలో ఇంగ్లీషులో చెప్తే నేను ఆంటీకి తెలుగులో చెప్పాల్సి వచ్చింది. అంటే నా నెత్తిన నేనే చెయ్యి పెట్టుకోవడమన్నమాట. ఆంటీ కళ్ళు చెమర్చాయి. సొంత కొడుకు ఇంటికొస్తే టేకవే తెప్పించుకుంటాడు, ఇంటి పిల్లనని చెప్పుకునే నేను స్పూన్ పట్టుకు నిలబడ్డాను, ఎక్కడో గుర్రాలు తిరిగే మంచుదేశం నుంచి వచ్చిన పిల్ల మాత్రం పక్షిపిల్లలా నోరు తెరిచింది. "నా బుజ్జమ్మే" అన్నారు ఆంటీ. ఆ పిల్ల అసలు పేరు ఆ ఇంట్లో ఆ రోజుతో సరి.

నాకు కడుపు మండిపోయింది. మండటమంటే మామూలుగా కాదు. నన్ను ఆ ఇంట్లో పూర్తి పేరుతో పిలిచేవారు, ఏదో ఆఫీసులో హాజరు పిలిచినట్టు. ఆమె బుజ్జమ్మ. నాకు వాళ్ళబ్బాయి పాత చెప్పులు, బుజ్జమ్మకు కొత్త ఊలు చెప్పులు. నా జడ నేనే వేసుకుంటానని ఎప్పుడో అన్నాను గనక, బుజ్జమ్మకు రెండు జడలు. తెనాలిలో ఉన్న చెల్లెలికి వీడియో కాల్‌లో ఆంటీ చూపించింది ఆ జడలనే. వెనకాల నా భుజం కూడా కనబడిందిట. అంకుల్ ఎవరినీ తాకనివ్వని టమేటా మొక్కలకు నీళ్ళు పోసే పని బుజ్జమ్మకు అప్పగించారు. పైగా ఆ పిల్ల మహా మంచిది, అదొక బాధ. చిన్న చెడ్డ గుణమైనా దొరికితే దాన్ని పట్టుకుని వేలాడొచ్చు. నాకేం దొరకలేదు. "మీ ఆంటీ ఎంత మంచిది" అని రైల్లో అంటే, "మా ఆంటీ" అని గట్టిగా అన్నాను. "అదే, మీ ఆంటీ" అంది ఆమె అమాయకంగా. ఆ టర్మ్ చివర్లో ఎదుగుదల మాస్టారు అడిగితే, ఉన్నది పంచుకోవడం నేర్చుకున్నానని పళ్ళు బిగించి చెప్పాను. ఆయన చాలా సంతోషించారు.

అప్పుడు తట్టింది నాకా ఉపాయం. బుజ్జమ్మ తింటున్నది కారం తగ్గించిన పప్పన్నం. ఆ ఇంటి పిల్ల అనిపించుకోవాలంటే అసలు కారం తినాలి కదా. మా ప్రొద్దుటూరు ఎర్రకారం దోశ పెడితే ఒక్క ముక్కకే అసలు రంగు బయటపడుతుంది, తనంతట తానే ఇంకో గార్డియన్‌ని చూసుకుంటుంది. మా అమ్మకు ఫోన్ చేశాను. నేను వంట గురించి అడగడం పుట్టాక అదే మొదలు కావడంతో అమ్మ పొంగిపోయింది. "ఎండుమిరక్కాయలు నానబెట్టుకో, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ఉప్పు యేసి మెత్తగా రుబ్బు. దోశ మింద బాగా పుయ్యల్ల. పైన పప్పుల పొడి జల్లు. ఏమ్మే, ఆడ తినేవాళ్ళెవరు అంత కారం?" అంది. తినేవాళ్ళున్నారులే అన్నాను. శనివారం వంటగది నాకప్పగించమన్నాను. మిక్సీ మూత తీయగానే అంకుల్ తుమ్ముకుంటూ పెరట్లోకి పరుగెత్తారు. ఆంటీ కిటికీలన్నీ తెరిచి, "మాది గుంటూరు జిల్లానే, మాకే దడ పుట్టిస్తున్నావు. ఆ పిల్ల తినగలదంటే?" అన్నారు. "వాళ్ళది చలిదేశం కదాంటీ, వేడి చేస్తుంది, మంచిదే" అన్నాను.

బుజ్జమ్మ ముందు మొదటి దోశ పెట్టాను. ఎర్రగా, అగ్నిహోత్రంలా ఉంది. ముక్క తుంచింది, నోట్లో పెట్టుకుంది, నమిలింది. నేను గరిటె పట్టుకుని ఆమె ముఖంలోకే చూస్తున్నాను. కనురెప్ప వాల్చలేదు. బుగ్గలు ఎర్రబడ్డాయేమోనని చూశాను కానీ అవి ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయాయె. నిదానంగా దోశంతా తినేసి, "ఇంకోటి ఉందా?" అంది. ఆంటీ చప్పట్లు కొట్టడమొక్కటే తక్కువ. నాకు ఒళ్ళు తెలియలేదు. ఈ కారం పుట్టిన ఊళ్ళో పుట్టినదాన్ని నేను. నా కారాన్ని, నా వంటింట్లో, నా ఆంటీ ఎదుట ఈ పిల్ల ఇంత తేలిగ్గా తినేస్తుందా? మరింత కారం పూసి ఒక దోశ నాకోసం వేసుకుని, సగం ఒకేసారి నోట్లో పెట్టుకున్నాను.

ఒక విషయం నేను పూర్తిగా మర్చిపోయాను. ఏడాదిగా నా నాలుక బంగాళాదుంపల మీద బతుకుతోంది. ఆవకాయ సైతం ప్లేటు అంచున గోరంత వేసుకోవడం అలవాటైపోయింది. మొదట చెవులు మూసుకుపోయాయి. తర్వాత ఎక్కిళ్ళు. తర్వాత కళ్ళు, ముక్కు, అన్నీ కలిసి ఒకటే ధార. నీళ్ళు తాగితే ఇంకా మండింది. వంటింటి గట్టు పట్టుకుని కూలబడ్డాను. బుజ్జమ్మ బిత్తరపోయి నా వీపు రాస్తోంది, ఆ చేతిని విదిలించడానికి కూడా ఓపిక లేదు. ఆంటీ ఫ్రిజ్ తెరిచి, గిన్నెలో ఇంత అన్నం, పెరుగు వేసి గబగబా పిసికి, నా గడ్డం పట్టుకున్నారు.

"నోరు తెరు."

అలవాటు కొద్దీ "వద్దు" అని తల అడ్డంగా ఊపాను. ఆ రోజు మాత్రం ఆవిడ పాతికేళ్ళ ఇంగ్లండుని పక్కన పెట్టేశారు. "తెరవ్వే మొద్దూ, కారం తినలేనిదానివి ఈ వేషాలెందుకు" అని నోట్లో కుక్కారు. చల్లగా, కమ్మగా దిగింది. రెండో ముద్ద, మూడో ముద్ద. మంట తగ్గుతోంది గానీ కన్నీళ్ళు తగ్గట్లేదు. కారం ఖాతాలో మొదలైన ఏడుపు ఎప్పుడు అసలు ఏడుపయిందో నాకే తెలియలేదు. ఎక్కిళ్ళ మధ్య, నాకు ముద్దలెందుకు మానేశారని అడిగేశాను. ఆంటీ తెల్లబోయారు. "నువ్వే కదే వద్దన్నావు. నీకిష్టం లేదేమో, చనువు తీసుకుంటే ఏమనుకుంటావోనని ఊరుకున్నా. నాకు మాత్రం మనసొప్పిందా?" అన్నారు. వద్దంటే మళ్ళీ అడగాలి కదాంటీ అన్నాను. "నిజమేనే, ఈ ఊళ్ళో పడి మర్చిపోయాను" అని ఇంకో ముద్ద పెట్టారు.

ఆదివారం రైలు ఎక్కి తలుపులు పడ్డాయో లేదో, బుజ్జమ్మ బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసి గటగటా ఖాళీ చేసింది. తర్వాత నా సీసా లాక్కుంది. నాలుక బయటపెట్టి కిటికీ అద్దానికి ఆనించుకోబోతే నేనే ఆపాను. నిన్నటి నుంచి నోరు కాలిపోయి ఉందిట, ఏ రుచీ తెలియట్లేదట. మరి రెండో దోశ ఎందుకడిగావే తల్లీ అన్నాను. ఖాళీ సీసా మూత బిగిస్తూ చెప్పింది. వెనకటి గార్డియన్ ఇంట్లో సెలవుల్లో గది తలుపు బయట ట్రేలో శాండ్‌విచ్ పెట్టి వెళ్ళేవారట. నానమ్మ పోయాక తనకెవరూ నోట్లో ముద్ద పెట్టలేదట. పెట్టింది తినకపోతే మళ్ళీ పిలవరేమోనని భయపడిందట. ఆ తర్వాత ఆమె అన్న మాట నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నిన్ను చూస్తే నాకు కుళ్ళు. ఆంటీ నిన్ను తిడుతుంది. నన్ను ఇంతవరకూ ఒక్కసారి కూడా తిట్టలేదు. నేనింకా చుట్టాన్నే."

ఇన్నాళ్ళూ కుళ్ళుకునే హక్కు నాదొక్కదానిదే అనుకున్నాను. పక్క సీట్లో కూర్చుని, నాకు తెలియకుండా, ఈవిడ కూడా అదే పని చేస్తోంది. అదీ నా తిట్ల మీద. నాకు నవ్వొచ్చింది, కొంచెం గర్వం కూడా వచ్చింది (తిట్లు తినే హోదా నాకుందని అప్పటిదాకా తెలియదు మరి). ఆ టర్మ్ చివర ఎదుగుదల మాస్టారు ఎప్పటిలాగే టీ కావాలా అన్నారు. కావాలన్నాను. ఎంత ఎదిగావంటే, ఈసారి ఎదగలేదు సార్, కొంచెం చిన్నదాన్నయ్యాను అన్నాను. ఆయన నా కప్పులో ఇంకో చెంచా పంచదార వేశారు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మంచుకి ఆంటీ వాకిట్లో కాలుజారి పడ్డారు. కుడి మణికట్టు విరిగి కట్టు కట్టారు. నేనిప్పుడు కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. శనివారం పొద్దున్నే కారు తీశాను. దారి పొడుగునా ఒకటే ఊహ. ఆవిడ చెయ్యి కదల్లేదు, ఇవాళ బేసిన్‌లో కలిపేది నేను, మొదటి ముద్ద ఆవిడ నోట్లో పెట్టేది నేను. ఇంటిముందుకొచ్చేసరికి వాకిట్లో వేరే కారు ఉంది. అది ఇప్పుడు నాటింగ్‌హామ్ ఆస్పత్రిలో డాక్టరుగా ఉన్న బుజ్జమ్మది. రాత్రి డ్యూటీ దిగి నిద్ర కూడా పోకుండా వచ్చేసిందిట. లోపలికెళ్తే ఎత్తు స్టూలు మీద కూర్చుని, మోచేత్తో కళ్ళద్దాలు తోసుకుంటూ బేసిన్‌లో అన్నం కలుపుతోంది. "ఏంటే ఇంత లేటు" అంది, అచ్చం తెనాలి యాసలో. పాతికేళ్ళు దాటిన మనిషిని, నా కింద ఒక టీమ్ పనిచేస్తుంది, అయినా ఆ బేసిన్ ఆమె ఒళ్ళో చూడగానే కడుపులో ఎర్రకారం రుబ్బినట్టయింది.

బుజ్జమ్మ మొదటి ముద్ద చేసి ఆంటీ నోటి దగ్గర పెట్టింది. ఆంటీ మొహం పక్కకు తిప్పుకున్నారు.

"ముందు దానికి పెట్టవే. లేకపోతే అలుగుద్ది. వద్దంటుంది, వినమాక."

నోటిదాకా వచ్చిన "వద్దులే ఆంటీ" నోట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ నేను దాచుకున్నాననుకున్న కుళ్ళు ఆవిడకు ఎప్పటినుంచి తెలుసో. బుజ్జమ్మ చెయ్యి నా వైపు తిరిగింది. నోరు తెరిచాను. ఆవకాయ, నెయ్యి, పప్పు, వేడి అన్నం. కళ్ళు నిండితే కారం అన్నాను. ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు.

రెండో ముద్ద ఆంటీ నోట్లోకి వెళ్ళింది. నమిలి, కట్టు కట్టిన చెయ్యి గాల్లో ఆడిస్తూ బుజ్జమ్మ మీద విరుచుకుపడ్డారు. "ఇది అన్నమా, జావా? ఇలాగేనా పిసికేది? ఉప్పేదీ? ఇంత డాక్టరువి, బుద్ధుండక్కర్లా?" అన్నారు. బుజ్జమ్మ తల వంచుకుని తిట్లన్నీ తిని, నా వైపు చూసి, ఆ ఎర్రటి బుగ్గలతో నెమ్మదిగా నవ్వింది. నన్ను ఆంటీ అలా తిట్టి చాలా కాలమైంది. నాకు మళ్ళీ కుళ్ళు మొదలైంది.